కార్లో స్కానర్, జేబులో హామ్ లైసెన్స్, చేతిలో టికెట్: ఒక కేసు మొదట్నుంచీ చివరిదాకా

ముందే ఒకటి ఒప్పుకుంటా, ఈ కేసులో తప్పుడు సలహా ఇచ్చింది నేనే. నేను లాయర్ని కాదు, హామ్ రేడియో వాడిని, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునే అమెచ్యూర్‌ని, పదిహేనేళ్ళ పైనుంచి కాల్ సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు) ఉంది, లోకల్ క్లబ్‌లో ఎగ్జామ్ పెట్టే వాలంటీర్లలో ఒకడిని, అంచేత అమెరికాలో మనవాళ్ళు ఎవరు పోలీస్ స్కానర్, అంటే పోలీసుల వైర్‌లెస్ మాటలు వినిపించే రిసీవర్, కొన్నా, కొందామనుకున్నా, కొన్నాక ప్రోగ్రామింగ్ రాక తల పట్టుక్కూర్చున్నా ఫోన్ నాకే వస్తుంది. ఇలాంటివి చాలా చూశాను, ఎక్కువ భాగం యాంటెన్నా మార్చుకోండి అనే దగ్గర ఆగిపోతాయి. ఇదొక్కటే కోర్టు దాకా వెళ్ళింది. ఆ కేసులో ఇరుక్కున్న మా వాడు "అన్నా, నా పేరు ఊరు లేకుండా రాసుకో" అన్నాడు కాబట్టి రాస్తున్నా.

మా వాడు ఉండేది న్యూజెర్సీలో. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా హరికేన్ మిగిలిపోయిన వాన ఎలా ముంచేసిందో అక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వాళ్ళావిడ ఆఫీస్ నుంచి వస్తూ రోడ్డు మీద ఇరుక్కుపోయింది, ఫోన్ సరిగ్గా కలవదు, ఏ రోడ్డు మునిగిందో ఏది తెరిచుందో తెలియదు, పక్కింటి పెద్దాయన మాత్రం గరాజ్‌లో స్కానర్ పెట్టుకుని ఫైర్ వాళ్ళ మాటలు వింటూ ఫలానా అండర్‌పాస్ వైపు వద్దని చెప్పాడట. ఆవిడ ఇంకో దారిలో ఇల్లు చేరింది. వారం తిరిగేలోపు మనవాడు కూడా ఒక స్కానర్ ఆర్డర్ పెట్టేశాడు.

మొదట కొన్నది వంద డాలర్ల చిల్లర అనలాగ్ పీస్. వెదర్ రేడియో వచ్చింది, 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్యలో ఏడు ఛానల్స్ ఉంటాయి కదా, అవి ఎక్కడైనా వస్తాయి. స్కూల్ బస్సులవాళ్ళు వచ్చారు. పోలీసులు మాత్రం రాలేదు. "డబ్బా పనిచేయట్లేదన్నా" అని ఫోన్. డబ్బా బాగానే ఉంది, అవతల సిస్టమ్ మారిపోయింది. ఇప్పుడు చాలా కౌంటీలు పీ25 అనే డిజిటల్ పద్ధతిలోకి వెళ్ళిపోయాయి, పైగా ట్రంకింగ్, అంటే పోలీసుకొకటి ఫైర్‌కొకటి అని ఫిక్స్‌డ్ ఫ్రీక్వెన్సీ ఉండదు, ఒక కంట్రోల్ ఛానల్ ఎప్పటికప్పుడు ఈ టాక్‌గ్రూప్ (ఒక బృందం వాడే లైన్) ఇప్పుడు ఫలానా ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతోంది అని చెప్తుంటే రేడియోలన్నీ అక్కడికి పరిగెడతాయి. మామూలు స్కానర్‌కి అది గరగరమనే శబ్దం తప్ప ఇంకేం కాదు. దానికి తోడు సైమల్‌కాస్ట్ గొడవ, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నాలుగైదు టవర్లు ఒకేసారి పంపిస్తాయి, ఇంటి దగ్గరికి అన్నీ కాస్త ముందూ వెనకా చేరి ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి, సిగ్నల్ బార్లు ఫుల్‌గా ఉన్నా మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. దీన్ని తట్టుకునే స్కానర్లు తక్కువ. చివరికి 700 డాలర్ల దగ్గర పెట్టి యూనిడెన్ ఎస్‌డీఎస్200 కొన్నాడు. జిప్ కోడ్ కొడితే చాలు, అదే తన డేటాబేస్‌లోంచి ఆ ఏరియా ఛానల్స్ తెచ్చుకుంటుంది. జీపీఎస్ ముక్క తగిలిస్తే బండి కదిలే కొద్దీ అదే మార్చుకుంటుంది. ఈ జీపీఎస్ సంగతి గుర్తుపెట్టుకోండి.

లీగలేనా అని అప్పుడే అడిగాడు. ఫెడరల్ లా వరకు నేను చెప్పింది కరెక్టే, ఇప్పటికీ అదే చెప్తా. 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టంలో పోలీస్, ఫైర్, పబ్లిక్ సేఫ్టీ రేడియో ఎవరైనా మామూలుగా పట్టుకోగలిగేలా వస్తుంటే వినడం నేరం కాదని రాసే ఉంది, ఓడల రేడియో, విమానాల రేడియో కూడా అంతే. ఎన్‌క్రిప్ట్ చేసినవాటికి ఈ వెసులుబాటు లేదు, తాళం వేసి ఉందంటే నీకు కాదని అర్థం, తీసే ప్రయత్నం కూడా చేయకు అన్నా. సెల్‌ఫోన్ బ్యాండ్ సంగతి వేరు, 1994 ఏప్రిల్ తర్వాత అది పట్టుకునే స్కానర్లు తయారు చేయడానికీ దిగుమతి చేయడానికీ వీల్లేదు, అందుకే ఇప్పటి స్కానర్ల 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. సర్వీస్‌కి ఇవ్వాల్సిన పీస్ ఏమో అని భయపడి నాకు ఫోన్ చేసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత "కార్లో బిగించుకోవచ్చా అన్నా" అన్నాడు. నేను ఏమాత్రం ఆలోచించకుండా "హామ్ లైసెన్స్ తీసుకో, ఇక ఎవరూ ఏమనరు" అన్నాను.

ఎందుకలా అన్నానంటే నేను రేడియో నేర్చుకున్నది ఇండియానాలో. అక్కడ పోలీస్ రేడియో దగ్గర ఉంచుకోవడమే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న స్థాయి క్రిమినల్ నేరం), కానీ ఇంట్లోనో సొంత వ్యాపారం చోటో వాడుకుంటే మినహాయింపు, రేడియో వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చిన అమెచ్యూర్ (హామ్) లైసెన్స్ ఉండి పోలీస్ ఫ్రీక్వెన్సీల్లో ట్రాన్స్‌మిట్ చేయకపోతే కూడా మినహాయింపు. అక్కడ మా క్లబ్ పెద్దాయన మొదటి రోజే అదే చెప్పాడు, నా బుర్రలో అది ఇండియానా రూల్‌గా కాకుండా అమెరికా రూల్‌గా పడిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా అదే చెప్తూ వచ్చా. న్యూజెర్సీలో చట్టం స్కానర్‌ని నేరం చేస్తూ వాడితేనే పట్టుకుంటుంది, ఊరికే కార్లో ఉంటే కాదు, పక్కన పెన్సిల్వేనియా కూడా అంతే, కాబట్టి నా తప్పు ఎవరికీ తగల్లేదు, నాకూ తెలియలేదు.

మనవాడు బుద్ధిగా చదివి టెక్నీషియన్ పరీక్ష (హామ్ లైసెన్సుల్లో మొదటి మెట్టు) రాశాడు, 35 ప్రశ్నలకి 26 వస్తే పాస్, 33 వచ్చాయి. ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కట్టాడు, కాల్ సైన్ వచ్చింది, ఆ శనివారమే స్కానర్‌ని డాష్‌బోర్డ్ కింద బ్రాకెట్ వేసి స్క్రూలు బిగించి, వైర్ ఫ్యూజ్ బాక్స్‌లోకి లాగి, రూఫ్ మీద యాంటెన్నా పెట్టి ఫొటో పంపించాడు. నీట్‌గా చేశాడని నేను కూడా మెచ్చుకున్నా. ఆ నీట్‌నెస్సే తర్వాత మెడకు చుట్టుకుంది.

ఎండాకాలం ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. మనవాళ్ళు వస్తే నయాగరా తీసుకెళ్ళకుండా ఎవరుంటారు. న్యూజెర్సీ నుంచి 80 హైవే మీదుగా పెన్సిల్వేనియా, స్క్రాంటన్, అక్కడ్నించి 81 పట్టుకుని న్యూయార్క్‌లోకి. స్పీకర్‌లోంచి మాటలు వస్తుంటే వాళ్ళ నాన్నగారు "ఏంట్రా ఇది, పోలీసోళ్ళ వైర్‌లెస్సా, మన కార్లో ఎందుకు" అన్నారట. లైసెన్స్ ఉంది నాన్నా అంటే ఆయన "పాటలు వినే రేడియోకే పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్ళం, పోలీసులవి వినడానికి ఎవడిస్తాడ్రా లైసెన్సు" అన్నారు. అందరూ నవ్వేశారు. ఆ కార్లో చట్టం గురించి సరైన అనుమానం వచ్చింది ఆయనొక్కడికే అని ఇప్పుడనిపిస్తుంది.

బింగమ్‌టన్ దాటాక గంటకి 65 మైళ్ళ జోన్‌లో 82 మీద వెళ్తుంటే ఆపారు. ఆఫీసర్ కిటికీ దగ్గరికొచ్చి లైసెన్స్, రిజిస్ట్రేషన్ తీసుకుని భుజం మీద మైక్‌లో నంబర్ చదివాడు. డిస్పాచ్ (కంట్రోల్ రూమ్) జవాబు ఆయన భుజం దగ్గరా వినిపించింది, అర సెకను తేడాతో డాష్‌బోర్డ్ కిందా వినిపించింది. స్టేట్ లైన్ దాటగానే జీపీఎస్ దాని పని అది చేసుకుపోయిందన్నమాట, పెన్సిల్వేనియా ఛానల్స్ పక్కన పెట్టి న్యూయార్క్ వాళ్ళవి లోడ్ చేసుకుంది. స్పీడింగ్‌కి ఒక టికెట్, స్కానర్‌కి ఇంకో టికెట్. హామ్ లైసెన్స్ చూపించాడు, ఆఫీసర్ మర్యాదగానే చూసి వెనక్కిచ్చి అది జడ్జికి చెప్పుకోండి అన్నాడట.

ఆ రాత్రి హోటల్ నుంచి నాకు ఫోన్. "అన్నా, లైసెన్స్ ఉంటే ఏమీ కాదన్నావు కదా." అప్పుడు నేను జీవితంలో మొదటిసారి న్యూయార్క్ వెహికిల్ అండ్ ట్రాఫిక్ లా సెక్షన్ 397 తెరిచి పూర్తిగా చదివా. ఉన్నది ఒక పేరా, దాన్ని నాలుగుసార్లు చదివా.

పోలీసులకి కేటాయించిన ఫ్రీక్వెన్సీలు పట్టుకోగలిగే రిసీవర్‌ని మోటారు వాహనంలో అమర్చినవాడు, లేదా అలా అమర్చిన బండిని తెలిసి వాడినవాడు, పర్మిట్ లేకపోతే మిస్‌డిమీనర్, వెయ్యి డాలర్ల దాకా ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందులో పట్టుకోగలిగే అన్న మాట చూడండి. వింటున్నావా, ఆఫ్‌లో ఉందా, వెదర్ ఛానల్ మీద పెట్టావా అని అది అడగట్లేదు, దానికి ఆ శక్తి ఉందా లేదా అంతే. నేను వాతావరణం వింటున్నానండీ అనే వాదన అక్కడే చచ్చిపోయింది. రెండోది అమర్చడం. చిన్న హ్యాండ్‌హెల్డ్ బ్యాటరీలు తీసి డిక్కీలో సూట్‌కేస్‌లో ఉండుంటే బండికి అమర్చారా లేదా అని గట్టిగా వాదించుకోవచ్చు, స్క్రూలూ ఫ్యూజ్ బాక్సూ రూఫ్ యాంటెన్నా ఉన్న దానికి ఆ వాదన ఏం చేస్తాం. మూడోది పర్మిట్, నువ్వుండే ఊరి పాలక మండలి తరఫున ఇవ్వాలట, మరి న్యూజెర్సీ వాడికి ఎవరివ్వాలి? ఇది చదివి నాకు నవ్వొచ్చింది కానీ నవ్వే టైం కాదు.

చివర్లో హామ్ వాళ్ళ మినహాయింపు ఉంది, నా ప్రాణం అక్కడ లేచొచ్చింది, మళ్ళీ కూలబడింది. చెల్లుబాటయ్యే అమెచ్యూర్ లైసెన్స్ ఉండి, లైసెన్స్ ఉన్న మొబైల్ ట్రాన్స్‌మిటర్ వాడుతూ, దానితో పాటుగా, అమెచ్యూర్లకే కేటాయించిన ఫ్రీక్వెన్సీల మీద వాడే రిసీవర్‌కి ఆ సెక్షన్ వర్తించదు. మనవాడి బండిలో ట్రాన్స్‌మిటరే లేదు. లైసెన్స్ తీసుకున్నాడు గానీ హామ్ సెట్ ఇంకా కొనలేదు, ఉన్నది ఉత్త స్కానర్.

ఇంకో ఆశ, 1993లో ఎఫ్‌సీసీ ఇచ్చిన రూలింగ్, పీఆర్ డాకెట్ 91-36 అని హామ్ వాళ్ళందరికీ నోటికొచ్చిన నంబర్. అందులో ఏముందంటే, హామ్ ట్రాన్స్‌సీవర్ పోలీస్ ఫ్రీక్వెన్సీలు కూడా పట్టుకోగలదన్న ఒక్క కారణంతో లైసెన్స్ ఉన్న అమెచ్యూర్ దగ్గర అది ఉండకూడదని రాష్ట్రాలు, ఊళ్ళు చేసిన చట్టాలు చెల్లవు. చాలామంది దీని జిరాక్స్ కార్ గ్లవ్ బాక్స్‌లో పెట్టుకు తిరుగుతారు, నా దగ్గరా ఉంది. కానీ అది కాపాడేది ట్రాన్స్‌సీవర్‌ని, అంటే హామ్ బ్యాండ్‌లో మాట్లాడే సెట్‌ని. వినడమే తప్ప మాట్లాడటం రాని స్కానర్ దాని కిందకి రాదు. ఇన్నేళ్ళు ఆ జిరాక్స్ నా బండిలో ఉన్నా ఈ తేడా నా కంట పడలేదంటే సిగ్గుగానే ఉంది.

టికెట్ పడింది మిస్‌డిమీనర్ మీద కాబట్టి మనవాడి అసలు భయం ఫైన్ కాదు. గ్రీన్ కార్డ్ మీద ఉన్నాడు, సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసే టైం దగ్గరికొస్తోంది, ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, సైటేషన్ వచ్చిందా అని అడుగుతారు. కేసు కొట్టేసినా వచ్చిందని రాయాల్సిందే. మనవాళ్ళలో స్కానర్ ఉన్న ప్రతివాడూ ఆలోచించాల్సింది ఈ ముక్క, వీసా మీద ఉన్నవాళ్ళు మరీను, ఇక్కడే పుట్టినవాడికి వెయ్యి డాలర్ల సరదా తలనొప్పి మనకి ఇమిగ్రేషన్ ఫైల్‌లో కాయితం అవుతుంది. అందుకే నేను మొదట చెప్పింది ఆన్‌లైన్‌లో గిల్టీ కొట్టి డబ్బు కట్టేయకు, ఆ కౌంటీలో ట్రాఫిక్ కేసులు చూసే లోకల్ లాయర్‌ని పట్టుకో, ఇమిగ్రేషన్ లాయర్‌కి కూడా ఒక మాట చెప్పు అని. ఈ సలహా ఒక్కటి కరెక్టయింది.

లాయర్ ఫీజు స్కానర్ ధరకి డబుల్. ఆయన నా దగ్గర ఒక టెక్నికల్ లెటర్ అడిగాడు. నేను మొదట రాసిన డ్రాఫ్ట్‌లో పీఆర్ 91-36, ఫెడరల్ లా, మన హక్కులు అంటూ రెండు పేజీలు దంచా. ఆయన అదంతా కొట్టేసి, ఇది వాదన గెలిచే కేసు కాదు, వీడు దొంగ కాదని ప్రాసిక్యూటర్‌కి నమ్మకం కలిగించే కేసు అన్నాడు. చివరికి వెళ్ళింది ఒకటే పేజీ: ఈ సెట్ ఏంటి, జీపీఎస్ వల్ల ఛానల్స్ వాటంతటవే ఎలా మారతాయి, ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్ ఇది విప్పలేదు, ట్రాన్స్‌మిట్ చేయలేదు, మనిషి ఎఫ్‌సీసీ లైసెన్స్ ఉన్న ఆపరేటర్, సెట్‌ని బండిలోంచి తీసేశాక తీసిన ఫొటోలు ఇవిగో. ఫొటోలు ముఖ్యం. బ్రాకెట్ పీకేసి, రూఫ్ యాంటెన్నా తీసేసి, రంధ్రాలు మూసి తీసినవి.

సాయంత్రం పూట నడిచే చిన్న టౌన్ కోర్ట్. మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాం, మన వంతు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. క్రిమినల్ చార్జ్ తీసేసి పార్కింగ్ వయొలేషన్ కిందకి మార్చారు, స్పీడింగ్ కొంచెం తగ్గించారు, ఫైనూ సర్‌చార్జీ కట్టి బయటపడ్డాం. న్యూయార్క్‌లో ఇలాంటి ట్రాఫిక్ ఇన్‌ఫ్రాక్షన్ (చిన్న ఉల్లంఘన) క్రైమ్ కింద లెక్క కాదు, మనవాడికి కావల్సింది అదే. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, ఇంకో కోర్టులో ఇంకోలా ఉండొచ్చు.

ఈ గొడవలో ఇంకోటి బయటపడింది, నా దృష్టిలో టికెట్ కంటే అదే పెద్దది. లాయర్ మామూలుగా అడిగాడు, విన్నవి ఏం చేస్తుంటావు అని. మనవాడు అమాయకంగా ఫోన్ తీసి వాళ్ళ కాలనీ వాట్సాప్ గ్రూప్ చూపించాడు. "ఫలానా వీధిలో ఫలానా నంబర్ ఇంటికి అంబులెన్స్ వెళ్తోంది, 60 ఏళ్ళాయనకి ఛాతీ నొప్పి" అని మెసేజ్, కింద దండాలు పెట్టే ఎమోజీలు, ఎవరో "అది ఫలానా అంకుల్ వాళ్ళిల్లు కదా" అని. ఇలాంటివి ఏడాదిలో ముప్పై దాకా ఉన్నాయి. లాయర్ ముఖం మారిపోయింది.

1934 కమ్యూనికేషన్స్ యాక్ట్ సెక్షన్ 705 అని ఒకటుంది. వినడం వరకు ఒక ఎత్తు, విన్నదాన్ని బయటపెట్టడం, దాన్నుంచి లాభం పొందడం ఇంకో ఎత్తు. ఎఫ్‌సీసీ ఇచ్చే ఉదాహరణ, ఒక టాక్సీ కంపెనీ పోటీ కంపెనీ రేడియో విని వాళ్ళ బేరాలు కొట్టేయడం. ప్రజలందరి కోసం వదిలే ప్రసారాలకి, ఆపదలో ఉన్న ఓడలు, విమానాలు, వాహనాలు, మనుషుల గురించిన వాటికి, హామ్, సీబీ (లారీవాళ్ళు లైసెన్స్ లేకుండా వాడే రేడియో) మాటలకి ఇందులో మినహాయింపు ఉంది, పోలీస్ ఫైర్ మాటలు బయటికి చెప్తే ఎంతవరకు చిక్కు అనేది లాయర్లు వాదించుకునే విషయం, అందులో నేను వేలు పెట్టను. హిప్పా (రోగుల వివరాల గోప్యత చట్టం) ఉల్లంఘన అని గ్రూప్‌లో ఎవరో అన్నారట, అది కాదు, హిప్పా ఆస్పత్రులకి, ఇన్సూరెన్స్‌వాళ్ళకి వర్తించేది, వినేవాడికి కాదు. కానీ చట్టం పట్టుకోనంత మాత్రాన పక్కింటాయన గుండెపోటు నలభైమందికి పంచే హక్కు మనకెక్కడిది?

విన్నది పంచితే ఏమవుతుందో చూడాలంటే 1996 డిసెంబర్ ఉంది. ఫ్లోరిడాలో ఒక జంట స్కానర్‌లో ఒక సెల్‌ఫోన్ కాల్ పట్టుకున్నారు, మాట్లాడుతున్నది అప్పటి హౌస్ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్, ఇంకొందరు రిపబ్లికన్ నాయకులు. టేప్ చేసి ఒక డెమోక్రాట్ సభ్యుడికి ఇచ్చారు, అది పేపర్లకెక్కింది. ఆ జంట నేరం ఒప్పుకుని చెరో 500 డాలర్ల ఫైన్ కట్టారు. ఆ టేప్ మీద నాయకుల మధ్య కేసు ఏళ్ళ తరబడి నడిచింది. అది సెల్ కాల్, పోలీస్ రేడియో కాదు, చట్టం వేరే, కానీ విన్నప్పుడు ఆగిపోయుంటే వాళ్ళ ఊసే ఎవరికీ తెలిసేది కాదు.

ఆ గ్రూప్ మెసేజులు మనవాడు ఆ రోజే ఆపేశాడు. ఇప్పుడు పెడితే రోడ్డు మునిగింది, అటు రావద్దు, అంతవరకే, అది కూడా కౌంటీ వాళ్ళు వాళ్ళ పేజీలో పెట్టాకే.

స్కానర్ ఇప్పుడు ఇంట్లో బేస్‌మెంట్ టేబుల్ మీద ఉంది, అటక మీద యాంటెన్నా, కార్లో కంటే బాగా వినిపిస్తోంది, ఇంట్లో వినడానికి ఏ గొడవా లేదు. కార్లో డ్యుయల్ బ్యాండ్ హామ్ సెట్ పెట్టాడు, అది మాట్లాడుతుంది, కాబట్టి అది 91-36 గొడుగు కిందకి వస్తుంది, పోలీస్ ఛానల్ ఒక్కటి కూడా మెమరీలో వేయలేదు. కొందరు అడుగుతుంటారు, స్కానర్ బదులు ముప్పై నలభై డాలర్ల ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటర్‌ని రేడియో రిసీవర్‌గా మార్చే చిన్న ముక్క, ల్యాప్‌టాప్‌కి గుచ్చి కార్లో పెట్టుకోవచ్చుగా అని. పట్టుకోగలిగే రిసీవరే కదా అది కూడా, పెట్టె ఆకారం మారితే చట్టం మాట మారదు. ఫోన్ యాప్ వేరు, అది గాల్లోంచి పట్టుకోదు, ఎవరో ఇంట్లో పట్టుకున్నది ఇంటర్నెట్‌లో ఆలస్యంగా వస్తుంది, అయినా రాష్ట్రాన్ని బట్టి మాటలు వేరుగా ఉంటాయి కాబట్టి అది కూడా చదవకుండా సరేననను.

మొన్న మనవాడు మళ్ళీ ఫోన్ చేశాడు. కజిన్ పెళ్ళికి షికాగో వెళ్తున్నారట, ఒహాయో, ఇండియానా మీదుగా డ్రైవ్. "ఇండియానాలో హామ్ లైసెన్స్ ఉంటే చాలని నువ్వే చెప్పావు కదన్నా, హ్యాండ్‌హెల్డ్ ఒకటి పట్టుకెళ్ళనా" అన్నాడు. నాకు నోటికొచ్చు, ఔనని చెప్పేయబోయా. "ఒక్క నిమిషం ఆగు" అని ఫోన్ పక్కన పెట్టి కంప్యూటర్ ఆన్ చేశా, ఇండియానాది ఒకటే కాదు, దారిలో ఉన్న నాలుగూ. వాడు లైన్‌లోనే ఉన్నాడు, వెనక నుంచి వాళ్ళ నాన్నగారి గొంతు, "వాడేమన్నా నమ్మకు, కాయితం చూపించమను."